నీళ్ళగది మాటలు

వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసేవాడు. లిఫ్టు గుంటలోకి దిగినప్పుడల్లా, తాను కింద ఉన్న సంగతి పైవాళ్ళకు తెలియాలని ఈల వేస్తూ పనిచేసేవాడు. సెలవు రోజుల్లో కూతుర్ని వెంట తీసుకెళ్తే ఆ పిల్ల ఐదో అంతస్తులో మెట్ల మీద కూర్చుని తిరిగి ఈల వేసేది. ఆడపిల్లకు ఈలలేమిటని నాయనమ్మ మొట్టికాయలు మొట్టింది గాని, అప్పటికే పేరు అంటుకుపోయింది. ఈల. తర్వాత క్యాసెట్ల మీదా పోస్టర్ల మీదా అదే అచ్చయింది. అసలు పేరు ఆమె గుర్తింపు కార్డులో ఉంది. ఇరవై రెండేళ్ళు ఆమె వెనక నిలబడి కోరస్ పాడిన నాకే అది చప్పున గుర్తుకు రాదు.

నా సంగతి ఇంతకన్నా చెప్పడానికి లేదు. వేదిక మీద ఆమెకు రెండడుగుల వెనక, ఎడమవైపు, పొట్టిగా ఉండేదాన్ని నేనే. ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఈలక్కా అని పిలిచేదాన్ని.

ఆమె రెండు భాషల్లో పాడేది. ఒకటి మా ఊరి భాష. రెండోది వంతెన అవతలివాళ్ళది, వాళ్ళమ్మది. వాళ్ళమ్మ వంతెన దాటి వచ్చి, ఇంట్లోవాళ్ళు వద్దన్నా వినకుండా లిఫ్టు మెకానిక్‌ను పెళ్ళి చేసుకుంది. ఇక్కడ ఆసుపత్రిలో బట్టల గదిలో ఉద్యోగం. చిరిగిన దుప్పట్లకు మాసికలు వెయ్యడం, డాక్టర్ల కోట్లకు ఊడిన గుండీలు కుట్టడం. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే మనిషి.

ఇంట్లో మాత్రం నాయనమ్మ రాజ్యం. కోడలు వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ తేల్చి చెప్పేసింది.

"నా ఇంట్లో నాకర్థం కాని మాట వినపడకూడదు. నన్ను తిట్టుకుంటున్నారో పొగుడుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది?"

"పొగుడుతున్నామనుకోవచ్చు కదమ్మా" అన్నాడట కొడుకు.

"పొగడ్డానికైతే నాకర్థమయ్యే భాషలోనే పొగుడుతారు" అంది ఆవిడ. కొడుకు ఇంక నోరెత్తలేదు.

అందుకని ఆ తల్లి తన భాషను నీళ్ళగదిలో దాచుకుంది. కూతురికి స్నానం చేయిస్తూ, తలుపు వేసి, కొళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో మాట్లాడేది. తల వంచు. కళ్ళు మూసుకో. చెవి వెనక తోమావా? చలేస్తోందా? ఇంకొక్క చెంబే. ఇంకొక్కటే. అయిపోయింది, అయిపోయింది బంగారూ. ఈలకు పదేళ్ళొచ్చి తన స్నానం తాను చేసుకోగలిగినా, అమ్మ ఏదో ఒక వంకతో లోపలికి వచ్చేది. ఈ పిల్లకు తలంటుకోవడం ఇంకా చేతకాదని అత్తగారికి చెప్పేది. అది తప్ప ఆ భాషకు ఇంకో చోటు లేదు. బడిలో పిల్లలకు ఎలాగో తెలిసి రెండు నాలుకలదని ఏడిపించారు. పాములకే కదా రెండు నాలుకలుండేది! ఆమె కూడా ఊరుకునేది కాదు. "అవును, ఒకదాంతో తిడతా, ఇంకోదాంతో వెక్కిరిస్తా" అనేదట.

ఈల పదిహేడో ఏట అమ్మకు కామెర్లు వచ్చాయి. తొమ్మిది రోజులే. తాను పనిచేసే ఆసుపత్రిలోనే పెట్టారు. కిందున్న దుప్పటికి తాను వేసిన మాసికే ఉంది. చివరి రెండు రోజులూ ఆమెకు స్పృహ వస్తూ పోతూ ఉంది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది, తన భాషలో, పెద్దగా, ఎవరికీ భయపడకుండా. నర్సులకు అర్థం కాక కూతురి వైపు చూశారు. అమ్మ ఏమంటోందమ్మా?

కూతురికీ అర్థం కాలేదు. ఆమెకు తెలిసింది సబ్బు, నీళ్ళు, చలి. అమ్మ మాట్లాడుతున్నది పెద్దవాళ్ళ భాష. ఒకే వాక్యం తిప్పి తిప్పి అంటోంది. దాహమేమోననుకుని ఈల నీళ్ళు పట్టింది. అమ్మ తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే అంది. ఆ చప్పుడు ఆ పిల్ల చెవిలో ఉన్నదున్నట్టు ఉండిపోయింది, అర్థం లేకుండా. నాకు ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. చెబుతూ ఆ వాక్యాన్ని అమ్మ గొంతుతో అంది.

అమ్మ పోయాక ఆ ఇంట్లో ఆ భాష వినపడే ప్రమాదం లేకపోయింది. నాయనమ్మ రెండేళ్ళకు పోయింది. పోయేముందు మనవరాల్ని దగ్గరకు పిలిచి, "మీ అమ్మ మాటలు ఏవైనా అనవే, వింటాను" అందట. ఈల అనలేదు. అనకపోయినందుకు తర్వాత బాధపడింది గాని, ఆరోజు మాత్రం అనలేదు.

బస్‌స్టేషన్‌లో ఆమెకు ఉద్యోగం వచ్చింది. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నో నంబరు దగ్గర ఉందో రెండు భాషల్లో చెప్పాలి. రెండో భాష కాగితం మీద రాసిచ్చేవాళ్ళు, చదివితే చాలు. అంతకుమించి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమెకు ఎంత వచ్చో ఎవరికీ తెలియలేదు. పొద్దున్నే ఏడున్నర బస్సుకు వచ్చేవాళ్ళలో ఒకాయన ఉండేవాడు. పెద్ద హోటల్‌లో ముందు హాల్లో కీబోర్డు వాయించే ఉద్యోగం. భుజాన నల్లటి పొడుగాటి సంచీతో ఒకరోజు అద్దాల గది ముందు నిలబడి అద్దం మీద తట్టాడు.

"ఈ గొంతు బస్సుల్ని పిలుస్తోందా, మనుషుల్ని పిలుస్తోందా?"

"బస్సులు ఎవరు చెప్పినా వినవు. మనుషులే వినాలి. ఎక్కండి, మీది కదులుతోంది" అంది ఈల.

అతను ఎక్కలేదు. ఆ బస్సు వెళ్ళిపోయింది. అలా మొదలైంది.

వాళ్ళిద్దరూ మొదటి పాట తయారుచేసినప్పుడే నన్ను పిలిచారు. స్టూడియో టైర్ల దుకాణం మీద ఉండేది. గోడలకు గుడ్ల అట్టలు, తలుపుకు పాత బొంత. మైకు పెట్టినప్పుడు ఫ్యాను ఆపాలి. కింద చక్రం మీద సుత్తి దెబ్బ పడితే మేం ఆగాలి. ఒక పాటకు మూడు రోజులు పట్టేదంటే దోషం మాది కాదు, పంక్చర్లది.

అతని బాణీలో పల్లవి దగ్గర ఒక మెలిక ఉంది. పైనుంచి కిందికి జారే నాలుగు చిన్న చిన్న స్వరాలు, మళ్ళీ అవే, మళ్ళీ అవే. ఊరి భాషలో ఏ మాట పెట్టినా పొడుగైపోతోంది. పొద్దున్నించీ ఈల పదిసార్లు రాసి పదిసార్లు కొట్టేసింది. ఫ్యాను ఆపిన గది. చెమటలు కారుతున్నాయి. ఎవరో బకెట్‌తో నీళ్ళు తెచ్చి పెడితే మొహం కడుక్కోవడానికి వంగింది. వంగినదల్లా అలాగే ఉండిపోయి, నేలవైపు చూస్తూ పాడింది. తల వంచు. కళ్ళు మూసుకో. ఇంకొక్కటే, ఇంకొక్కటే. అయిపోయింది.

మాకెవరికీ ఆ భాష రాదు. కీబోర్డాయన తలెత్తి, "అది ఉంచు, ఏదైనా సరే" అన్నాడు. నేను ఆ మాటల్ని మా లిపిలో అరచేతి మీద రాసుకుని వెనకాల పాడాను.

ఆ పాట ఎలా పాకిందో మా వయసు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చరణాలు ఊరి భాషలో విరహం, పల్లవి ఎవరికీ తెలియని భాషలో. తెలియదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకున్నారు. కాలేజీ పిల్లలు ఆ పల్లవిని బస్సు సీట్ల మీద గీకారు, ఉత్తరాల చివర రాశారు. అంత మండే ప్రేమమాట ఇంకోటి లేదని అందరి నమ్మకం. తల వంచు, ఇంకొక్క చెంబే అని ప్రేమలేఖలో రాసుకుంటున్నారని తెలిసిన మనిషి ఊళ్ళో ఈల ఒక్కతే. అడిగినవాళ్ళకు అర్థం చెప్పేది కాదు. నవ్వి ఊరుకునేది.

మూడేళ్ళలో నాలుగు క్యాసెట్లు వచ్చాయి. అన్నిటికీ అదే పద్ధతి, చరణం ఇక్కడిది, పల్లవి నీళ్ళగదిది. తర్వాత వంతెన అవతలి ఊరు నుంచి పిలుపొచ్చింది. అక్కడి పెద్ద హాల్లో కచేరీ. ఆమె వారం రోజులు సరిగా తిండి తినలేదు. అమ్మ ఊరు కదా.

హాలు నిండింది. మొదటి పల్లవి ఎత్తుకుంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది రెండో వరసకు పాకింది, హాలంతా పాకింది. ఎగతాళి నవ్వు కాదది. చంటిపిల్లలు పెద్దమాట అన్నప్పుడు నవ్వుతామే, అలాంటి నవ్వు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ తల్లి చేతుల్లో విన్న మాటలవి. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. వెనక నిలబడ్డ నాకు అది కనపడింది. ముందు నిలబడ్డ ఆమెకు నవ్వే వినపడింది.

పాట అయ్యాక విలేకరి ఒకతను వచ్చి వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. అతను మళ్ళీ అడిగాడు. ఈసారి ఆమె జవాబు మధ్యలో ఆగిపోయింది. మర్నాటి పత్రికలో రాశారు: గొంతు ముప్పై ఏళ్ళది, మాట ఆరేళ్ళది.

ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, "నిజమే కదే. తప్పేం రాశాడు?" అంది నాతో. "నాకు ఆ భాషలో చలేస్తుంది, ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. అంతే. ఇంకేం రావు."

వాళ్ళమ్మకు ఒక అక్క ఉంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేదట. ప్రపంచంలో తప్పులన్నీ మా అక్కకే కనపడతాయని అమ్మ నీళ్ళు పోస్తూ నవ్వేదట. అంతకుమించి ఆనవాలు లేదు. మేం తిరుగు బస్సు వదిలేసుకుని ఆ ఊళ్ళో అచ్చాఫీసులు వెతుక్కుంటూ తిరిగాం. రెండోచోట చెప్పారు. ఆవిడ కిందటి ఏడే పని మానేసింది, పోస్టాఫీసు వెనక మూడో ఇల్లు.

తలుపు తీసిన మనిషి సన్నగా, నిటారుగా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంది. ఈల తనకొచ్చిన భాషలో గబగబా ఏదో చెప్పింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. ఒక్క మాట అంది. ఈల మొహం ఎర్రబడింది. తర్వాత నాకు చెప్పింది, ఆ గుమ్మంలో జరిగింది ఇదీ:

"నువ్వు మా అమ్మ అక్కవి. నేను నీ దగ్గరకొచ్చాను."

"నువ్వు అనకూడదు. మీరు అనాలి. పెద్దవాళ్ళను నువ్వు అనమని ఎవరు నేర్పారు?"

"ఇంకో మాట ఉందని నాకు తెలీదు. అమ్మ నన్ను నువ్వు అనేది. నేను అమ్మను నువ్వు అనేదాన్ని. ఇంకెవరూ లేరు."

పెద్దమ్మ కళ్ళజోడు కిందికి దించుకుని ఆమెను తేరిపార చూసింది. చాలాసేపు చూసి పక్కకు తప్పుకుంది. "చెప్పులు అక్కడ విడిచి రా" అంది.

తర్వాత ఐదేళ్ళు, నెలకు రెండుసార్లు, పొద్దున బస్సుకు వెళ్ళి సాయంత్రం బస్సుకు రావడం. ఎక్కువగా నేనూ వెంట ఉండేదాన్ని. పెద్దమ్మ ఎర్ర పెన్సిలుతో పాఠం చెప్పేది. ఒప్పందం. అసూయ. అప్పగింత. తిరస్కారం. ఊరట. ఒక్కో మాట నేర్చుకున్నప్పుడల్లా ఈల దాన్ని బస్సు కిటికీ వైపు తిరిగి పదిసార్లు అనుకునేది. ముప్పై రెండేళ్ళ మనిషి, పళ్ళు వస్తున్న పిల్లలా.

అమ్మ చివరి వాక్యం గురించి అడగడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం, టీ కప్పులు ముందు పెట్టుకుని కూర్చున్నాం. "ఇది అర్థం చెప్పండి" అని, ముందు మాటా వెనక మాటా లేకుండా, అమ్మ గొంతుతో ఆ వాక్యం అనేసింది.

పెద్దమ్మ కప్పు కింద పెట్టింది. "మళ్ళీ అను" అంది. ఈల మళ్ళీ అంది. ఆవిడ లేచి, ఇంకా టీ ఉన్న కప్పులు మూడూ తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టింది. అటు తిరిగే చెప్పింది. "తలుపు తియ్యక్కా, నేనే. ఎంతసేపు నిలబెడతావు."

పెళ్ళయిన ఏడాదికి, చంకలో పిల్లతో, వాళ్ళమ్మ ఆ గుమ్మం దాకా వచ్చిందట. లోపల అక్క ఉంది. తలుపు తియ్యలేదు. చంకలో ఉన్న పిల్ల ఈలే. ఆవిడ కప్పులు కడుగుతూనే ఉంది. కడిగినవే కడిగింది. ఈల వెళ్ళి వెనకనుంచి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆరోజు మేం ఎక్కాల్సిన బస్సు తప్పిపోయింది.

ఇక కీబోర్డాయన సంగతి. అతనంటే ఆమెకున్నది ఏమిటో నాకు మొదటినుంచీ అనుమానమే. వెనక నిలబడేవాళ్ళకు మనుషుల మెడలు కనపడతాయి. అతను వాయిస్తుంటే ఆమె మెడ ఎటు తిరిగేదో నేను చూసేదాన్ని. నోటితో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఊరి భాషలో చెబితే అతనికి అర్థమవుతుంది, అదీ ఆమె భయం. పెద్దమ్మ దగ్గర పెద్ద మాటలు నేర్చుకున్నాక, ఆ మాటలతోనే పాటలు రాయడం మొదలుపెట్టింది. అతను వాయించేవాడు, ఆమె అతని ఎదురుగా నిలబడి పాడేది.

"దీనర్థం ఏంటి?" అని అడిగేవాడు, తాళం సరిచూసుకుంటూ.

"ఏముంది, వాన గురించి."

"పోయిన పాటా వానేగా?"

"అక్కడ వానలెక్కువ."

ఒకసారి పెద్దమ్మ ఒక పాట కాగితం దిద్దుతూ పెన్సిలు ఆపి ఏదో అంది. ఏమంటోందని అడిగాను. "పొల్లు పోయిందంటోంది" అంది ఈల. పొల్లు పోతే చెవులు అంత ఎర్రబడవు. పెద్దమ్మ నావైపు తిరిగి, క్యాసెట్ అట్ట మీదున్న కీబోర్డాయన బొమ్మను పెన్సిలుతో రెండుసార్లు పొడిచి, కనుబొమ్మలు ఎగరేసింది. నేను తలూపాను. మా ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది.

అతనికి ఓడలో ఉద్యోగం వచ్చింది. ప్రయాణికుల ఓడ, అందులో బ్యాండు. ఆరు నెలలని చెప్పాడు. వాళ్ళకు గాయని కూడా కావాలట.

"నువ్వూ రా. ఇద్దరం కలిసి వెళ్దాం" అన్నాడు స్టూడియో మెట్ల మీద.

అప్పటికి పెద్దమ్మకు చూపు మందగించింది. ఎర్ర పెన్సిలు గీత పక్క వరసలోకి పోతోంది. ఈల మెట్టు అంచు గోటితో గీరింది.

"ఆరు నెలలకు వచ్చేస్తావుగా?"

"వచ్చేస్తా."

"అయితే వెళ్ళిరా."

అంతే. ఉన్న రెండు భాషల్లో ఆమె ఆ పూట వాడుకున్నది ఈ రెండు మాటలే. ఆరు నెలలు ఏడాదైంది, ఏడాది రెండయింది. ఏదో రేవు పట్నంలో పెళ్ళి చేసుకున్నాడని కార్డు వచ్చింది. కార్డు మీద ఓడ బొమ్మ. ఆమె దాన్ని నాకు చూపించి, "ఓడ బాగుంది" అంది. తర్వాత నెలరోజులు స్టూడియోకి రాలేదు. వచ్చిన రోజున గొంతు అరస్వరం కిందికి దిగి ఉంది. మళ్ళీ పైకి రాలేదు.

కొత్త పాటలు ఇటువైపు అంతగా ఆడలేదు. క్యాసెట్ కంపెనీ ఆయన మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు. "అమ్మా, నువ్వు ఇదివరకు పాడుతుంటే అర్థం కాకపోయినా దగ్గరగా ఉండేది. ఇప్పుడు అర్థం కాకుండా దూరంగా ఉంది. మళ్ళీ ఆ పాతలాగే రాయరాదూ?"

"పాత మాటలన్నీ అయిపోయాయి సార్. అమ్మ చెప్పినవి అన్నే" అంది ఈల.

అటువైపు మాత్రం జనం ఆమెను తమ మనిషిగా పెట్టుకున్నారు. రెండో కచేరీలో ఎవరూ నవ్వలేదు. అది ఆమెకు సంతోషమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చే దారిలో, "నవ్వినప్పుడే బాగుందేమోనే" అంది.

పెద్దమ్మ ఆ చలికాలంలోనే పోయింది. చివరి దాకా ఈల దగ్గరే ఉండి చూసుకుంది. ఆవిడ పడక పక్కన చదవడానికి ఒక పాత పుస్తకం తీసుకుంటే, కళ్ళు కనపడకపోయినా చెవితోనే అచ్చుతప్పులు పట్టుకుందట.

అప్పుడు ఈలవాళ్ళ నాన్న ఒక పని చేశాడు. ఉద్యోగం నుంచి దిగి అప్పటికే పదేళ్ళయింది, డెబ్బై దాటాయి. ఒక మధ్యాహ్నం గీతల నోటుబుక్కు ఒకటి కొని తెచ్చి, కూతురి ముందు కూర్చున్నాడు.

"మీ అమ్మ భాష నాకు నేర్పు."

"ఇప్పుడెందుకు నాన్నా? అమ్మతో మాట్లాడతావా?"

"అమ్మతో మాట్లాడాల్సినప్పుడు నోరు మూసుకు కూర్చున్నాను. ఆ సంగతి నాకు తెలుసులే. మీ పెద్దమ్మ కూడా పోయింది కదా. రేపట్నించి ఆ భాషలో నువ్వెవరితో మాట్లాడతావని."

ఈ సంగతి నాకు చెబుతూ ఆమె ఏడవలేదు, నవ్వింది. గ్రీజు మరకలు పోని వేళ్ళతో ఆయన రోజుకు ఐదేసి మాటలు రాసుకునేవాడు. ఎప్పటికీ సరిగా రాలేదు. ఉచ్చారణ ఇనుప తలుపు తీసినట్టుండేది. అయినా ఎనభై నాలుగో ఏట పోయేదాకా పొద్దున కాఫీ వేళ ఆ భాషలోనే పలకరించుకునేవాళ్ళు. ఎండ వచ్చింది. అవును, వచ్చింది. నిద్ర పట్టిందా? పట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన తన నోటుబుక్కు నాకు చూపించి, "నీకంటే నాకే ఎక్కువొచ్చు" అని ఎగతాళి చేసేవాడు.

కీబోర్డాయన పదకొండేళ్ళకు వచ్చాడు. చెల్లెలింటికి, నెల రోజులకు. జుట్టు నెరిసింది, నడకలో ఓడ ఊగిసలాట వచ్చింది. సరిగ్గా మేం రికార్డింగులో ఉన్నరోజున స్టూడియోకి వచ్చాడు. అదే స్టూడియో. కింద టైర్ల దుకాణం పోయి కళ్ళజోళ్ళ దుకాణం వచ్చింది, సుత్తి దెబ్బలు లేవు. టీ విరామంలో ముగ్గురం కూర్చున్నాం. నేను లేవబోతే ఈల నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఓడలో వంటవాడు ఒకతను ఉండేవాడు" అన్నాడు అతను. "వంతెన అవతలివాడే. నా గదిలో మన క్యాసెట్లు విన్నాడు. నువ్వు వాన గురించి అన్న పాటలన్నీ ఒకటొకటిగా చెప్పాడు."

ఈల కప్పు అంచు మీద వేలు తిప్పుతోంది. "ఎప్పుడు?"

"రెండో ఏడే."

"పెళ్ళికి ముందా?"

"ముందే."

"మరి?"

"ఏం రాయాలో తెలీలేదు. ఆ భాష నాకు రాదు కదా."

"నేను రోజూ బస్సులు ఎక్కడున్నాయో నీ భాషలోనే చెప్పేదాన్ని" అంది ఈల. "అందులో రాయొచ్చుగా."

అతను పెద్దగా అన్యాయం చేసిన మనిషి కాదు. ధైర్యం చాలని మనిషి. ఆ విషయంలో ఇద్దరూ ఇద్దరే అని నాకనిపించింది గాని, అనలేదు. కాసేపటికి అతను లేచి, మూలనున్న కీబోర్డు మీద నిలబడే రెండు మెట్లు నొక్కి, "ఒకటి పలకడం లేదు, చూయించండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే తిరుగు ప్రయాణమయ్యాడని విన్నాం.

ఆ మధ్యాహ్నమే మేం మిగిలిన పాట పూర్తి చేశాం. చరణంలో ఒకచోట ఆమెకు ఊపిరి తప్పింది. రికార్డింగ్ అతను మళ్ళీ తీద్దామన్నాడు. ఆమె వద్దంది, అలాగే ఉంచేశారు. అందులో ఇటు భాష ఒక్క మాట కూడా లేదు. మొత్తం అమ్మ భాషే. ఇటువైపు ఎవరూ అడగలేదు, అటువైపు ఇంటింటా ఉంది.

ఇప్పుడు ఆమెకు అరవై ఒకటి. వేదికలు మానేసి చాలా ఏళ్ళయింది. వేరేవాళ్ళకు పాటలు రాసిస్తుంది, రెండు భాషల్లోనూ. నాన్న లేడు, పెద్దమ్మ లేదు. అయినా నెలకోసారి పొద్దున బస్సెక్కి వంతెన దాటుతుంది. అక్కడ ఆమెకు ఎవరితోనూ పనిలేదు. బజారులో నడుస్తుంది, బల్లల మీద కూర్చుంటుంది, మనుషులు మాట్లాడుకుంటుంటే వింటుంది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక నేను వెంట వెళ్ళడం మానేశాను.

కిందటి నెల వెళ్ళొచ్చి నాకు ఫోన్ చేసింది. ఎవరో పెద్దాయన, చేతిలో చీటీతో, ఆమెను ఆ ఊరి మనిషే అనుకుని దారి అడిగాడట. అలా అడగడం అదే మొదటిసారట. ఇన్నేళ్ళలో ఆ బజారులో ఎవరూ ఆమెను దారి అడగలేదు. సంబరంగా చెప్పేసింది, కుడివైపు తిరగండి, రెండో సందు, మూల మీద మందుల షాపు దాటాక అని, మీరు అంటూ, ఒక్క పొల్లు పోకుండా. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"నాలుగడుగులు వేశాక గుర్తొచ్చిందే. భాషంతా సరిగ్గానే చెప్పాను. దారే తప్పు చెప్పాను. అది ఎడమవైపు."

"పరిగెత్తలేకపోయావా?"

"పరిగెత్తాను. ఆయన కనపడలేదు. తిరిగి అటే వస్తాడు కదా అని అక్కడే నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"సాయంత్రం బస్సు దాకా" అంది ఈలక్క.